మేడమ్ క్యూరీ: గనిలోని గాలికి ఒక కొలబద్ద



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంఘం పెద్దలు కోరినప్పుడు నేను మేడమ్ క్యూరీ పేరు చెప్పాను. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నాబోటివాడు ఆ పేరు ఎంచుకోవడంలో వింతేమీ లేదు. అయితే పోలెండులో పుట్టి పారిస్‌లో బ్రతికిన ఆ మహాతల్లికీ, అనంతపురం కరువు నేల మీద పింఛను తీసుకుంటూ కాలక్షేపం చేస్తున్న మనకూ ఏమి సంబంధమని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. సంబంధం ఉంది. అది మన కాళ్ళ కిందనే ఉంది. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత ఆమె కథలోకి వస్తాను.

మనది వాన చాలని సీమ. ఏడాదికి 500 మిల్లీమీటర్ల పైచిలుకు పడితే అదే గొప్ప. రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మనకు పేరు పడిపోయింది. అందుచేత నీళ్ళ కోసం భూమిలోకి దిగడం మనకు తాత ముత్తాతల నాటి విద్య. పాత బావిలో పూడిక తీయించేటప్పుడు పెద్దవాళ్ళు తాడుకు లాంతరు కట్టి మొదట దాన్ని దించేవారు. దీపం ఆరిపోతే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. అడుగున ప్రాణవాయువు లేదనీ, బొగ్గుపులుసు వాయువు నిండి ఉందనీ అర్థం. ఆ పాటి జాగ్రత్త లేక ఒకరి వెంట ఒకరు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళ కథలు మన ఊళ్ళలో తెలియనివారు లేరు.

నీళ్ళకే కాదు, బంగారానికీ మనవాళ్ళు భూమిలోకి దిగారు. రామగిరి ప్రాంతంలో పూర్వకాలపు తవ్వకాల గుర్తులున్నాయి. ఇంగ్లీషువారి కాలంలో కంపెనీలు వచ్చి తవ్వాయి. స్వాతంత్ర్యం తరువాత భారత్ గోల్డ్ మైన్స్ వారు మళ్ళీ పని మొదలుపెట్టారు. 2001లో ఆ సంస్థ కోలారు గనులతో సహా మూతపడింది. 2022లో జిల్లాల విభజన జరిగినాక రామగిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. ఇక మన పొలిమేర దాటి పులివెందుల వైపు పోతే, వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో పని ప్రారంభమైంది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారిది. మన సీమ పిల్లలు అక్కడ భూగర్భంలో పని చేస్తున్నారు.

యురేనియం ఉన్న రాతి నుంచి రాడాన్ అనే వాయువు ఊరుతూ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. లాంతరు దించితే చక్కగా వెలుగుతూనే ఉంటుంది. పీల్చినవాడికి ఆ రోజు ఏమీ కాదు, ఆ ఏడాదీ ఏమీ కాదు. ఇరవై ఏళ్ళ తరువాత ఊపిరితిత్తుల్లో క్యాన్సరు బయటపడవచ్చు. మన పెద్దల లాంతరు పనిచేయని చోటు అది. అక్కడ దీపానికి బదులు లెక్క కావాలి. లెక్కకు ఒక కొలత కావాలి. ఆ కొలతకు మొదట పెట్టిన పేరు క్యూరీ. అందుకే ఆమె జీవితం మనకు కావలసినది అంటున్నాను.

బాల్యము – చదువు

ఆమె 1867 నవంబరు 7న వార్సా నగరంలో పుట్టింది. పుట్టింటి పేరు మారియా స్క్లొడోవ్‌స్కా. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. అప్పుడు పోలెండు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. బడిలో సొంత భాషలో చదువుకొనే స్వేచ్ఛ లేదు. తండ్రి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే పంతులు. తల్లి కూడా బడి నడిపిన ఇల్లాలే. పెద్దక్క టైఫస్ జ్వరంతో పోయింది. మారియాకు పదేళ్ళప్పుడు తల్లి క్షయతో కన్నుమూసింది. పంతులు జీతంతో సంసారం ఎలా నడుస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

1883లో ఆమె బంగారు పతకంతో బడి చదువు ముగించింది. ఆడపిల్లలకు వార్సా విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. అక్క బ్రోన్యాకు డాక్టరు చదవాలని, చెల్లెలికి సైన్సు చదవాలని కోరిక. డబ్బు లేదు. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు అక్క పారిస్ వెళ్ళి చదువుకోవాలి. చెల్లెలు జమీందార్ల ఇళ్ళలో పిల్లలకు పాఠాలు చెప్పి అక్కకు డబ్బు పంపాలి. అక్క స్థిరపడ్డాక చెల్లెలిని పిలిపించుకోవాలి. అన్నను చదివించడానికి తమ్ముడు నాగలి పట్టిన ఇళ్ళు మన సీమలో ఎన్ని లేవు! ఆ లెక్కన ఆమె మనింటి పిల్లే.

చెప్పిన మాట ఇద్దరూ నిలబెట్టుకున్నారు. 1891లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, మారియా పారిస్ చేరి సోర్బాన్‌లో మేరీగా పేరు నమోదు చేసుకుంది. మేడ మీది చిన్న గదిలో, చలికి వణుకుతూ, రొట్టె తిని టీ తాగి చదివింది. 1893లో భౌతికశాస్త్రం డిగ్రీలో అందరికంటె మొదట నిలిచింది. మరుసటి ఏడు గణితంలో రెండవ స్థానం. 1895లో తనకంటె ఎనిమిదేళ్ళు పెద్దవాడైన పియరీ క్యూరీ అనే శాస్త్రవేత్తను పెళ్ళాడింది. ఆడంబరం లేని పెళ్ళి. పెళ్ళి తరువాత ఇద్దరూ సైకిళ్ళ మీద పల్లెలు చూడటానికి వెళ్ళారు.

కొలవడమే ఆమె విద్య

1896లో బెకెరెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త యురేనియం లవణాల నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తున్నాయని కనిపెట్టాడు. మేరీ డాక్టరేటు కోసం ఆ సంగతి తీసుకుంది. ఫొటో పలక మీద మచ్చ పడిందా లేదా అని చూడటం అప్పటికి ఉన్న పద్ధతుల్లో ఒకటి. ఆమె దాన్ని కొలిచింది. ఈ కిరణాలు పోయేచోట గాలి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఎక్కువ కిరణాలుంటే ఎక్కువ విద్యుత్తు. అతి స్వల్పమైన ఆ విద్యుత్తును కొలిచే ఎలక్ట్రోమీటరు, క్వార్ట్జు స్ఫటికపు ఏర్పాటు పియరీ, అతని అన్న కలిసి కనిపెట్టినవే. ఆమె దాని ముందు కూర్చొని దొరికిన ప్రతి ఖనిజాన్నీ కొలిచి పుస్తకంలో రాసుకుంది.

పిచ్‌బ్లెండ్ అనే నల్లటి ఖనిజం దగ్గర లెక్క తప్పింది. అందులో ఉన్న యురేనియానికి రావలసిన కిరణాల కంటె ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చాయి. మనం ఖజానా లెక్కల్లో పైసా తేడా వస్తే వోచర్లన్నీ మళ్ళీ తిరగేసినట్లు, ఆమె మళ్ళీ మళ్ళీ కొలిచింది. తేడా నిజమే. అంటే ఆ రాతిలో ఎవరికీ తెలియని మరేదో మూలకం ఉండాలి. పియరీ తన పని ఆపి ఆమెతో చేరాడు. 1898 జూలైలో ఒక కొత్త మూలకం ప్రకటించారు. పటంలో లేకుండా పోయిన తన దేశం పేరు మీద ఆమె దానికి పొలోనియం అని పేరు పెట్టింది. ఆ డిసెంబరులోనే రెండవది, రేడియం.

ప్రకటిస్తే చాలదు, చేతిలో పెట్టి చూపాలి. బొహీమియాలోని యోయాకిమ్‌స్టాల్ గని నుంచి, యురేనియం తీసివేయగా మిగిలిన పిప్పిని ఆస్ట్రియా ప్రభుత్వం మొదట ఒక టన్ను ఉచితంగా ఇచ్చింది. తరువాత మరికొన్ని టన్నులు తెప్పించుకున్నారు. పారిస్‌లో ఒక పాత పాక దొరికింది. వానకు కారేది, ఎండకు ఉడికేది. అందులో ఆమె ఇనుప కడ్డీతో పెద్ద పెద్ద కాగులు కలుపుతూ నాలుగేళ్ళు చాకిరీ చేసింది. 1902 నాటికి చేతికి వచ్చినది గ్రాములో పదోవంతు రేడియం లవణం. 1903లో డాక్టరేటు వచ్చింది. ఆ డిసెంబరులోనే బెకెరెల్‌తో కలిపి భార్యాభర్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. మొదట ఆమె పేరు జాబితాలో లేదు. స్వీడన్‌లోని ఒక గణితవేత్త ముందుగా తెలియజేయగా పియరీ పట్టుపట్టాడు. రేడియం తీసే పద్ధతికి పేటెంటు తీసుకోకుండా ఇద్దరూ దాన్ని లోకానికి వదిలిపెట్టారు.

గాలిలో కలిసినది

రేడియం పక్కన పెట్టిన వస్తువులు కూడా తాత్కాలికంగా కిరణాలు వెదజల్లడం క్యూరీ దంపతులు 1899లోనే గమనించారు. 1900లో డోర్న్ అనే జర్మన్ శాస్త్రవేత్త రేడియం నుంచి ఒక వాయువు వస్తోందని చూపాడు. దాన్ని ఆ రోజుల్లో రేడియం ఉద్గారం అనేవారు. ఇప్పుడు రాడాన్ అంటున్నాము. సీసాలో పట్టి ఉంచితే దాదాపు నాలుగు రోజులకు సగమైపోతుంది. సరైన అంకె 3.8 రోజులు.

1904లో పియరీ క్యూరీ ఇద్దరు వైద్యులతో కలిసి ఒక పరీక్ష చేశాడు. మూసిన పెట్టెలో ఎలుకలను, గినీపందులను ఉంచి ఈ వాయువు కలిపిన గాలి పీల్పించారు. అవి కొద్ది గంటల్లో చనిపోయాయి. కోసి చూస్తే ఊపిరితిత్తులు దెబ్బతిని ఉన్నాయి. ఈ ఫలితం అచ్చులో వచ్చింది. తమకు రేడియం ఇచ్చిన గనిలోని మనిషి ఏ గాలి పీలుస్తున్నాడో కొలవాలన్న ఆలోచన రావడానికి మాత్రం ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. పైగా 1906లో యోయాకిమ్‌స్టాల్‌లో రాడాన్ నీటి స్నానాల వైద్యశాల వెలిసింది. పైన ధనవంతులు ఆరోగ్యం కోసం తొట్లలో కూర్చున్నారు, కింద గనివాళ్ళు దగ్గుతూ ఉన్నారు.

అదే ఏడాది ఏప్రిల్ 19న పియరీ పారిస్ వీధి దాటుతూ గుర్రపు బండి కింద పడి మరణించాడు. ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఎనిమిదేళ్ళది, చిన్నది ఏడాదిన్నరది. ప్రభుత్వం ఇస్తానన్న పింఛను ఆమె వద్దన్నది. పింఛను విలువ తెలిసిన మనకు ఆ మాట బరువు తెలుస్తుంది. తన చేతులతో సంపాదించి పిల్లలను పెంచగలనని ఆమె నమ్మకం. సోర్బాన్ వారు భర్త పాఠాలు ఆమెకు అప్పగించారు. 1906 నవంబరు 5న, అతను ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకొని ఆమె పాఠం మొదలుపెట్టింది. ఆ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మొదటి స్త్రీ ఆమే.

ఒక కొలతకు పేరు

1910లో బ్రస్సెల్స్‌లో శాస్త్రవేత్తలు సమావేశమై, రేడియోధార్మికతకు అందరూ ఒప్పుకొనే కొలత ఉండాలని తీర్మానించారు. దానికి క్యూరీ అని పేరు పెట్టారు. ఆ కొలత మొదట రాడాన్‌కే పెట్టినది. ఒక గ్రాము రేడియంతో సమతూకంలో ఉండే రాడాన్ పరిమాణమే ఒక క్యూరీ. వాడుకకు అనువుగా చాలా చిన్న పరిమాణం తీసుకుందామని మిగిలినవారు అనుకున్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ పేరు పెట్టేటట్లయితే గ్రాము లెక్కనే ఉండాలని పట్టుపట్టి నెగ్గించుకుంది.

ఆమె పట్టుదల ఫలితం ఈనాటికీ గనుల్లో కనిపిస్తుంది. ఒక క్యూరీ అంటే సెకనుకు 3,700 కోట్ల అణువులు విచ్ఛిన్నం కావడం. గని గాలిలో ఉండేది దానిలో లక్ష కోట్లవ వంతుల లెక్క. అందుకని పికోక్యూరీ అనే చిల్లర నాణెం తయారుచేసుకోవలసి వచ్చింది. 1975 తరువాత అంతర్జాతీయ పద్ధతిలో బెకెరెల్ అనే కొలత వచ్చింది. సెకనుకు ఒక్క అణువు విచ్ఛిన్నమైతే ఒక బెకెరెల్.

1911లో ఆమెకు రసాయనశాస్త్రంలో రెండవ నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఫ్రెంచి శాస్త్ర అకాడమీ ఎన్నికలో స్వల్ప తేడాతో ఓడించారు. ఆమె సొంత జీవితాన్ని పత్రికలు వీధికీడ్చాయి. ఆరోగ్యం దెబ్బతిన్నది. అయినా 1914లో యుద్ధం రాగానే లేచి నిలబడింది. ఎక్స్-రే పరికరాలు అమర్చిన మోటారు బండ్లు సుమారు 20, ఆసుపత్రుల్లో ఎక్స్-రే కేంద్రాలు సుమారు 200 ఏర్పాటు చేయించింది. పది లక్షల మందికి పైగా గాయపడిన సైనికులకు ఆ పరీక్షలు అందాయి. తాను బండి నడపడం నేర్చుకుంది. పదిహేడేళ్ళ కూతురు ఇరేన్‌ను వెంట తీసుకువెళ్ళింది. తన గ్రాము రేడియం నుంచి రాడాన్‌ను పిండి, సన్నని గాజు గొట్టాల్లో మూసి ఆసుపత్రులకు వైద్యం కోసం పంపింది. ఆ పనంతా ఆమె ఆచ్ఛాదన లేని చేతులతోనే చేసింది.

1921లో అమెరికా స్త్రీలు చందాలు పోగుచేసి లక్ష డాలర్ల ఖరీదు గల ఒక గ్రాము రేడియం కొన్నారు. అధ్యక్షుడు హార్డింగ్ దాన్ని ఆమెకు బహూకరించాడు. ఆ రేడియం కొలరాడో పీఠభూమి రాతి నుంచి తీసినది. పాఠకులు ఈ కొలరాడో పేరు గుర్తుంచుకోవాలి.

గనివాళ్ళ కథ

యోయాకిమ్‌స్టాల్ పాత వెండి గని. అక్కడి వెండి నాణేన్ని తాలర్ అనేవారు. డాలర్ అనే మాట దాని నుంచే పుట్టింది. 1527 ప్రాంతంలో అక్కడ వైద్యుడుగా ఉన్న అగ్రికోలా, 1556లో అచ్చయిన తన గనుల గ్రంథంలో గనివాళ్ళ ఊపిరి జబ్బుల గురించి రాశాడు. కొన్ని గనుల ప్రాంతాల్లో ఒక్కొక్క స్త్రీ ఏడుగురు భర్తలను పోగొట్టుకున్నదని కూడా రాశాడు. కొండకు అవతల ష్నీబర్గ్ అనే జర్మన్ గనుల ఊరిలో 1879లో ఇద్దరు వైద్యులు ఈ జబ్బు ఊపిరితిత్తుల్లో పెరిగే గడ్డ అని తేల్చారు. చనిపోయిన గనివాళ్ళలో ఎక్కువమంది దానితోనే పోతున్నారని లెక్క తీశారు. 1924లో అక్కడి గని గాలిలో రాడాన్‌ను కొలిచి, ఇదే కారణం కావచ్చునని మొదటిసారి చెప్పారు. మేడమ్ క్యూరీ 1925లో యోయాకిమ్‌స్టాల్ చూడటానికి వెళ్ళింది.

ఆ సరికి ప్రమాదం ఆమె చుట్టూ కూడా మూగింది. 1923 నుంచి కళ్ళకు శుక్లాల ఆపరేషన్లు జరిగాయి. వేళ్ళ కొసలు కాలి గట్టిపడ్డాయి. 1925లో రేడియం పరిశ్రమలో పనిచేసిన మనుషులు మరణించగా, వైద్య అకాడమీ వేసిన సంఘంలో ఆమె సభ్యురాలైంది. సీసపు తెరలు ఉండాలని, పనివాళ్ళకు క్రమం తప్పకుండా రక్త పరీక్షలు చేయాలని ఆ సంఘం చెప్పింది. తన ప్రయోగశాల వాళ్ళకు ఆ పరీక్షలు చేయించింది. కాని రేడియం తనకు హాని చేస్తోందని ఒప్పుకోవడానికి చివరిదాకా మనసు రాలేదు. తన బిడ్డ ఇంకొకరి కన్ను పొడిచిందంటే ఏ తల్లి వెంటనే నమ్ముతుంది?

1934 జూలై 4న ఫ్రాన్సులోని ఆల్ప్స్ కొండల్లో ఒక శానిటోరియంలో ఆమె మరణించింది. ఎముకల మజ్జ రక్తం తయారుచేయడం మానివేసే జబ్బు. 1995లో ఆమె అస్థికలను దేశ మహనీయుల సమాధి మందిరమైన పాంథియాన్‌కు మార్చారు. సొంత ప్రతిభతో అక్కడ చోటు దక్కిన మొదటి స్త్రీ ఆమే. అప్పుడు జరిపిన పరీక్షల్లో శరీరంలో రేడియం అనుకున్నంత లేదని, యుద్ధకాలపు ఎక్స్-రేలే ఎక్కువ కారణమై ఉండవచ్చునని నిపుణులు భావించారు. ఆమె నోటు పుస్తకాలను నేటికీ సీసపు పెట్టెల్లోనే భద్రపరుస్తున్నారు.

లెక్క ఉన్నా మాట లేకపోతే

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బాంబుల కోసం యురేనియం వేట మొదలైంది. కొలరాడో పీఠభూమిలో వందలాది గనులు లేచాయి. నవహో తెగవారు ఎంతోమంది అందులో పనిచేశారు. 1950 ప్రాంతం నుంచి అమెరికా ప్రజారోగ్య శాఖ వారు గనుల్లో రాడాన్ కొలిచారు, కార్మికులకు వైద్య పరీక్షలు చేశారు. కాని ఆ గాలి వల్ల ఏమవుతుందో కార్మికులకు చెప్పలేదు. చెబితే గనుల్లోకి రానివ్వరన్న భయం. కొలతలు కాగితం మీద భద్రంగా ఉన్నాయి, మనుషులు పోతూ ఉన్నారు. 1967లో గాని కేంద్ర ప్రభుత్వం నిర్బంధమైన పరిమితి పెట్టలేదు. 1990లో నష్టపరిహారం చట్టం వచ్చింది. అప్పటికి చాలామంది ఇళ్ళలో ఫొటోలకు దండలు పడి ఉన్నాయి.

ఆ పరిశోధనల వల్ల లోకానికి ఒక సంగతి తేటపడింది. రాడాన్ వాయువు ఊపిరిలోకి పోయి చాలా వరకు తిరిగి బయటికి వచ్చేస్తుంది. దాని నుంచి పుట్టే పిల్ల మూలకాలు వాయువులు కావు. దుమ్ము రేణువులకు అంటుకొని, ఊపిరి గొట్టాల్లో అతుక్కొని, అక్కడే కిరణాలు విడుస్తాయి. ఎక్కువ హాని చేసేవి వాటిలో పొలోనియం జాతివి. తన దేశం మీద ప్రేమతో ఆమె పెట్టిన పేరు అది. విధి వైపరీత్యమంటే ఇదేనేమో.

ఈ పిల్ల మూలకాల లెక్కకు వర్కింగ్ లెవెల్ అని కొలత పెట్టారు. లీటరు గాలిలో 100 పికోక్యూరీల రాడాన్, దాని సంతతి సమతూకంలో ఉంటే సుమారు ఒక వర్కింగ్ లెవెల్. ఆ గాలిలో 170 గంటలు, అంటే నెల పని, చేస్తే ఒక వర్కింగ్ లెవెల్ నెల. 1971లో అమెరికా ఏడాదికి 4 నెలల పరిమితి పెట్టింది. కొలిచే పద్ధతి కూడా కష్టమైనది కాదు. చిన్న పంపుతో గాలిని వడపోత కాగితం గుండా లాగి, కొంతసేపు ఆగి, ఆ కాగితం మీది ఆల్ఫా కిరణాలను పరికరంతో లెక్కిస్తారు. మనిషి మనిషికీ లెక్క కావాలంటే ఒక ప్రత్యేకమైన ప్లాస్టిక్ బిళ్ళ ఉన్న చిన్న డబ్బీ ఇస్తారు. ఆల్ఫా కణం తగిలిన చోట బిళ్ళ మీద కంటికి కనపడని గాటు పడుతుంది. కాస్టిక్ సోడాలో నానబెడితే గాటు పెద్దదవుతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి గాట్లు లెక్కిస్తారు.

మన దేశంలో 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. రేడియేషన్ పనివారికి అయిదేళ్ళకు కలిపి 100 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదని నియమం ఉంది. యురేనియం గనుల్లో ఈ కొలతలు చూసే పని భాభా అణు పరిశోధన కేంద్రం ఆరోగ్య భౌతికశాస్త్ర విభాగాల వారిది.

మన ఇంటి సంగతి

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు గని పనిలో ఉన్నాడు. ఉగాదికి వచ్చినప్పుడు తన డబ్బీ సంగతి చెప్పాడు. నీ అంకె ఎంత అని అడిగితే తెలియదన్నాడు. ఎవరూ దాచలేదు, తనే అడగలేదు. అప్పుడు వాడికి మన సర్వీసు రిజిస్టరు సంగతి చెప్పాను. ఒక ఇంక్రిమెంటు ఎంట్రీ పడకపోతే, రిటైరైనాక ఆ ఒక్క గీత కోసం ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కామో మన అందరికీ తెలుసు. గనివాడి డోసు పుస్తకం కూడా అటువంటిదే. అది జీవితమంతా కూడుకుంటూ పోయే లెక్క. గని మారినా, ఊరు మారినా ఆ అంకె వెంట రావాలి. ఇరవై ఏళ్ళ తరువాత జబ్బు వస్తే సాక్ష్యం చెప్పేది అదొక్కటే. వాడు దసరాకు వచ్చినప్పుడు ఒక కాగితం మీద అంకె రాసుకొని వచ్చి చూపించాడు. పరిమితికి బాగా లోపలే ఉంది. వాళ్ళమ్మకు అంకె అర్థం కాలేదు గాని, లెక్క ఉందని తెలిసి ఆ రాత్రి నిద్రపోయింది.

గనికి మందు గాలే. ఫ్యాన్లు తిరిగి కొత్త గాలి ఆడుతూ ఉంటే రాడాన్ నిలవదు. పని ఆపేసిన పాత సొరంగాలను మూసివేయాలి. ఫ్యాను ఆగితే మనుషులు బయటికి రావాలి, మళ్ళీ కొలిచాకే లోపలికి పోవాలి. ఇంకొక్క మాట. పొగ తాగే గనివాడికి ఈ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బీడీ మానమని తండ్రులు కొడుకులకు చెప్పవలసిన అవసరం ఉంది. తాము ముందు మాని చెబితే ఇంకా మంచిది.

మన ఇళ్ళ గురించి కూడా కొందరు అడగవచ్చు. గ్రానైటు నేలలో లోతుగా వేసిన బోరు నీళ్ళలో రాడాన్ కొద్దో గొప్పో ఉండవచ్చు. కంగారు పడనక్కరలేదు. తొట్టిలో పోసి గాలి తగలనిస్తే, కాచి చల్లారిస్తే చాలా వరకు పోతుంది. గదులకు కిటికీలు తీసి ఉంచుకోవడం మనకు అలవాటే.

మేడమ్ క్యూరీ లోకానికి రేడియం ఇచ్చిందని పిల్లలకు పాఠం చెబుతాము. కనపడని దానిని కొలిచి పుస్తకంలో రాయడం నేర్పిందని కూడా చెప్పాలి. లాంతరు వెలుగు చాలని చోట ఆ పుస్తకమే దీపం. మీ ఇంట్లో, బంధువుల్లో, భూమి లోపల పనిచేసే పిల్లలుంటే, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు జీతమెంత అని అడిగిన నోటితోనే, నీ డోసు అంకె ఎంత నాయనా అని కూడా అడగండి. తెలియదంటే తెలుసుకొని రమ్మనండి.